చెయ్యి కదలక ముందే

మొదటి రోజు తను చేసిన ఘనకార్యం తలుచుకుంటే యోగా టీచరుకు ఇప్పటికీ నవ్వూ ఏడుపూ కలిసే వస్తాయి. కుట్టు ఫ్యాక్టరీ హాలు చివర, ఇనుప మెట్ల పైన, ఒక అద్దాల గది ఉంది. ఆ గదిలో నిలబడి, మైకు నోటి దగ్గర పెట్టుకుని, "అందరూ ఇలా చేతులెత్తండి... అలా కాదు, ఇలా... ఆఁ, ఇప్పుడు నెమ్మదిగా ఇలా పక్కకి" అంటూ పన్నెండు నిమిషాలు చెమటలు కక్కుతూ చేసి చూపించింది. కింద హాల్లో రెండు వందల నలభై మంది ఆడవాళ్లు ఎవరి మిషన్ దగ్గర వాళ్లు ఉన్నారు. అందరి వీపులూ ఆ గది వైపే. సూపర్‌వైజర్లు వెనకనుంచి కనిపెట్టి చూడడానికి కట్టించిన గది అది. అందులో ఎవరేం చేస్తున్నారో కుట్టేవాళ్లకు కనబడే ప్రసక్తే లేదు.

స్పీకర్లలోంచి "ఇలా, ఇలా" అని వస్తుంటే ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కొందరు చేతులు పైకెత్తారు, కొందరు ముందుకు చాచారు. కాలర్లు కుట్టే లైన్లో ఒకామె మోచెయ్యి తగిలి దారాల స్టాండు కింద పడింది. మిగతా వాళ్లు దొరికిందే చాలనుకుని మిషన్ బల్ల మీద తలవాల్చారు. పైనుంచి ఈవిడ, "వెరీ గుడ్, చాలా బాగా చేస్తున్నారు" అని మెచ్చుకుంది.

నవ్వితే నవ్వారు గానీ, తప్పంతా ఆవిడదీ కాదు. ఆవిడకు యాభై మూడేళ్లు. ఇరవై రెండేళ్లుగా పాఠం చెప్పిన పద్ధతి ఒక్కటే. ముందు తను చెయ్యడం, చూసి అందరూ చెయ్యడం. నోరు ఊరికే తోడుగా కదిలేది. ఒళ్లు చెప్పినంత కాలం నోటికి పని నేర్పాల్సిన అవసరం ఎవరికొస్తుంది? రెండేళ్ల కిందట కుడి మోకాలు మొరాయించింది. కింద కూర్చుంటే లేవడానికి గోడ కావాలి, గోడ లేకపోతే మనిషి కావాలి. అపార్ట్‌మెంట్ మేడ మీద పొద్దున పూట క్లాసు జరిగేది. అక్కడివాళ్లు ఆర్నెల్లు ఓపిక పట్టి, "మీరిక రెస్టు తీసుకోండి మేడమ్" అని, ఎటు కావాలంటే అటు వంగే పాతికేళ్ల అమ్మాయిని తెచ్చుకున్నారు. రెస్టు తీసుకోమని చెప్పేవాళ్లు ఆ రెస్టు ఎవరింట్లో, ఎవరి తిండి తిని తీసుకోవాలో మాత్రం చెప్పరు.

అలాంటి సమయంలో ఈ ఫ్యాక్టరీ కబురు వచ్చింది. మెడలు పట్టేసి, భుజాలు లాగేసి సెలవులు పెట్టేవాళ్లు ఎక్కువయ్యారట. పదకొండింటికొకసారి, మూడింటికొకసారి మిషన్లు ఆపి పన్నెండేసి నిమిషాలు యోగా చేయిస్తారట. అందరినీ ఒకచోటికి నడిపిస్తే పోనూ రానూ టైము దండగ కాబట్టి మైకులో చెబితే చాలట. ఆ మాట వినగానే టీచరుకు ప్రాణం లేచొచ్చింది. మైకులోనైతే మోకాలు ఎవరికీ కనబడదు కదా!

మోకాలు కనబడకపోవడం ఒక్కటే కాదు, మోకాలితోపాటు తనూ కనబడదనీ, ఇక మిగిలేది నోరొక్కటేననీ, ఆ నోటికి ఏమీ రాదనీ మొదటి రోజు మెట్లు దిగుతున్నప్పుడు తెలిసొచ్చింది. మెట్ల కింద ఫ్లోర్ మేనేజర్ గడియారం చూసుకుంటూ నిలబడి ఉన్నాడు.

"నెల రోజులు చూద్దాం మేడమ్," అన్నాడు. "పనికొస్తే ఉంటుంది. లేకపోతే ఆ పన్నెండు నిమిషాలూ మళ్లీ ప్రొడక్షన్లో కలిపేస్తాం."

మర్యాదగానే అన్నాడు. మర్యాదగా అన్నందుకే గుండెలో రాయి పడింది. ఇది పోతే ఇంకో చోటు దొరకదు. వంగలేని యోగా టీచర్ని ఎవరు పెట్టుకుంటారు? ఇది పోతే తను ఇక టీచరు కాదు, మోకాలి నొప్పి ఉన్న ఒక ముసలావిడ, అంతే. బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఇంటిదాకా అదే ఆలోచించింది.

ఇంట్లో సాధన మొదలుపెట్టింది. శిష్యుడు మొగుడే. ఆయన స్కూలు వ్యాన్ నడుపుతాడు. పొద్దున ఒక ట్రిప్పు, సాయంత్రం ఒక ట్రిప్పు, ఆ అరుపులన్నీ విని వచ్చి గోడకు చేరబడి కూర్చుంటాడు. ఆదివారం మధ్యాహ్నం ఆయన్ని చాప మీదికి లాగింది.

"ఏమండీ, అటు తిరిగి కూర్చోండి. నన్ను చూడకూడదు."

"పెళ్లయి ముప్పై ఏళ్లయింది. ఇప్పుడు చూడకూడదంటావేంటి?"

"నేను చెప్పింది విని చెయ్యండి. అంతే."

"ఈ ముప్పై ఏళ్లూ చేసిందదేగా," అంటూ తిరిగి కూర్చున్నాడు.

ఆయనలో ఉన్న గుణం ఏమిటంటే, చెప్పింది చెప్పినట్టే చేస్తాడు, ఒక్క పిసరు ఎక్కువ చెయ్యడు. చేతులు పైకెత్తండి అంటే మోచేతుల దగ్గర మడిచి దొంగలకు లొంగిపోయినవాడిలా ఎత్తాడు. "అదేంటండీ?" అంటే, "పైకన్నావు. ఎంత పైకో అన్లేదుగా" అన్నాడు. మెడ వంచండి అంటే తల వెనక్కి తిప్పి ఆవిడ మొహంలోకి చూశాడు. "తిప్పమన్లేదు, వంచమన్నా" అంటే, "నా మెడకి ఆ తేడా తెలీదు, నువ్వే చెప్పాలి" అన్నాడు. ఆవిడకు ఒళ్లు మండిపోయింది. కానీ మండాల్సింది ఆయన మీద కాదని కూడా తెలుసు. ఇరవై రెండేళ్లు తన మాటలు ఎవరూ విననేలేదు. అందరూ తనని చూశారు. వినేవాడు మొదటిసారి దొరికితే, వినడానికి ఇక్కడేమీ లేదని తేలింది.

"మాటమాటకీ 'ఇప్పుడు మనం ఏం చేస్తామంటే' అంటున్నావు, చూసుకున్నావా?" అన్నాడాయన.

"అంటున్నానా? ఎన్నిసార్లు?"

"నలభై దాకా లెక్కపెట్టా. తర్వాత నిద్రొచ్చింది."

చివర్లో కళ్లు మూసుకోమంది. మూసుకుని అలాగే నిద్రపోయాడు, కూర్చున్నవాడు కూర్చున్నట్టే, గడ్డం గుండెల మీద ఆనించుకుని. వ్యాన్ స్టీరింగు పట్టుకుని పట్టుకుని ఆయన భుజాలు కూడా ముందుకు వంగిపోయాయని ఆ రోజే చూసింది. లేపబుద్ధి కాలేదు.

నాలుగైదు రోజులు అలాగే గడిచాయి. మైకులో మాటలు పెరిగాయి, లాభం మాత్రం లేదు. చేసి చూపించలేకపోతున్నందుకు బదులుగా వర్ణించడం మొదలుపెట్టింది. వెన్నెముక నిలువునా సాగుతోందంది, ఛాతీని విశ్వంలోకి తెరవమంది. కింద ఆడవాళ్లు విశ్వం ఎటుందో తెలియక ఫ్యాను వైపు చూశారు. ఒక్కో మెట్టుకూ రెండు కాళ్లూ ఆనిస్తూ దిగుతుంటే మోకాలు కలుక్కుమనేది. బస్టాపులో నిలబడి, ఇంకా ఇరవై నాలుగు రోజులు ఇదే నవ్వులాట అనుకునేది. ఏడవడానికి కూడా ఓపిక ఉండాలి. అది కూడా లేదు.

అయిదో రోజో ఆరో రోజో, మెట్లు దిగి కమ్మీ పట్టుకుని ఊపిరి తీసుకుంటుంటే, మెట్ల కింద మూలనుంచి ఒక గొంతు వినిపించింది. కొత్తగా చేరినవాళ్లకు కుట్టడం నేర్పే మూల అది. నేర్పే ఆవిడను ఫ్యాక్టరీలో అందరూ ట్రైనింగ్ అక్క అంటారు. అరవైకి దగ్గర పడిన పొట్టి మనిషి, కళ్లజోడుకు నల్లదారం, మెడలో టేపు. ఒక ముప్పై ఏళ్లావిడ మిషన్ మీద కూర్చుని ఉంది. అక్క ఆమె వెనక నిలబడి ఉంది.

"పాదం దించు," అంది అక్క. మిషన్ పాదం దిగి గుడ్డను పట్టుకుంది. అక్క ఏమీ అనలేదు. కాసేపాగి, "వేళ్లు గుడ్డ మీద తేలిగ్గా పెట్టు," అంది. మళ్లీ ఊరుకుంది. "ఇప్పుడు తొక్కు." మిషన్ గుర్రుమంది. గుడ్డ మూల ఇంకా బెత్తెడు దూరంలో ఉండగానే, "మూల వస్తోంది... కాలు తియ్యి," అంది. సూది సరిగ్గా మూల మీద ఆగింది.

అక్క చేతులు వెనక్కి కట్టుకునే ఉన్నాయి. ఒక్కసారీ ముందుకు వంగలేదు, గుడ్డను తాకలేదు. ఎదుటివాళ్ల చేతులు సూది కింద ఉన్నప్పుడు ముట్టుకోకూడదన్నది ఆ మూలలో మొదటి నియమం. చేసి చూపించడం ఉండదు, చెయ్యి పట్టి దిద్దడం ఉండదు. నోటితో చెప్పాలి, తప్పు చెబితే రక్తం వస్తుంది.

టీచరు కమ్మీ వదిలేసి అక్కడే నిలబడిపోయింది. అక్క చూసింది.

"ఏం మేడమ్, కాలు నొప్పా?"

"కాదు. మీరు చెప్పేది వింటున్నా."

"నేనూ మీరు చెప్పేది వింటున్నా లెండి రోజూ," అంది అక్క. "ఏమీ అనుకోనంటే ఒక మాట చెప్తా."

టీచరు ఏమీ అనుకోనంది గానీ, విన్నాక చాలానే అనుకుంది.

"మీరు అంతా అయిపోయాక చెప్తారు మేడమ్. చెయ్యి కదలక ముందే చెప్పాలి. కదిలాక చెబితే అది తిట్టవుద్ది. ఇంకోటి, ఒక ఊపిరిలో నాలుగు పనులు చెప్తారు. మొదటిది చేసేలోపు నాలుగోది మీద పడుద్ది. అప్పుడు మావాళ్లు ఏదీ చెయ్యరు, పడుకుంటారు."

"పడుకోవడం చూశాను," అంది టీచరు ముభావంగా.

"ఇంకా, ఎప్పుడూ వద్దు వద్దంటారు. భుజాలు బిగించొద్దు అంటే బిగించడమే వినబడుద్ది. లాగొద్దు అంటే ఈవిడ లాగుద్ది. అందుకని నేను వేళ్లు తేలిగ్గా పెట్టు అంటా. చెయ్యాల్సింది చెప్పాలి గానీ చెయ్యకూడనిది చెబితే ఎలా?"

ఇరవై రెండేళ్ల అనుభవం ఉన్న మనిషికి మెట్ల కింద నిలబెట్టి పాఠం చెబితే ఎలా ఉంటుంది? మొహం ఎర్రబడింది. "నాకు పని ఉంది" అని వచ్చేసింది. బస్సెక్కాక గానీ కోపం దిగలేదు. దిగాక చూస్తే, అక్క చెప్పిన మూడూ నిజాలై అక్కడే కూర్చుని ఉన్నాయి. మర్నాడు పదకొండు క్లాసు అయ్యాక తన డబ్బా తెచ్చుకుని మెట్ల కింద అక్క పక్కన స్టూలు లాక్కుంది.

"వెనకే ఎందుకు నిలబడతారక్కా?" అని అడిగింది.

"ముందుకొస్తే నా మొహం చూస్తారు. నేను బాగుందంటానా లేదా అని. అప్పుడు సూది చూసేవాళ్లెవరు?"

టీచరు చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. వెనకనుంచి చెప్పాల్సి రావడం తన ఖర్మ అనుకుంటోంది ఇన్నాళ్లూ. ఈవిడ దాన్ని కోరి ఎంచుకుంది.

ఆ తర్వాత మూడు వారాలు టీచరు ఎంత కష్టపడిందో చెప్పాలంటే, పాపం, చూసేవాళ్లకు కష్టంలా ఏమీ కనబడదు. మొగుడి పాత ట్రిప్పు కాగితాల వెనక పాఠం రాసుకుని, బస్సులో కూర్చుని కొట్టేసేది. ఇంటికొచ్చి మిగిలింది చదివేది, ఆయన చేసేవాడు, ఆయన ఎక్కడ తప్పితే అక్కడ తన మాట తప్పని రాసుకునేది. మళ్లీ కొట్టేసేది. విశ్వం పోయింది. ఇప్పుడు మనం ఏం చేస్తామంటే పోయింది. వెరీ గుడ్ పోవడానికి మాత్రం వారం పట్టింది, అది నాలుక చివర కూర్చుని ఉండేది.

కుడి ఎడమలు కూడా పోయాయి. పొద్దున ఎనిమిదినుంచి కుట్టిన బుర్రకు కుడేదో ఎడమేదో తేల్చుకోవడం కూడా ఒక పనే. అక్క పక్కన కూర్చుని చూసింది. ప్రతి మిషన్‌కూ సూది ఒక పక్క, తిప్పే చక్రం ఇంకో పక్క, అన్ని మిషన్లూ ఒక్కలాగే ఉంటాయి. మర్నాడు మైకులో, "తలను సూది వైపు వంచండి," అంది. అంతే. రెండు వందల నలభై తలలు ఒకేవైపు వంగాయి. ఆవిడ మైకు పట్టుకుని కాసేపు నోరు మెదపలేకపోయింది. ఆ మెదపకపోవడం వల్ల తలలు అలాగే ఆగాయి, మెడలు సాగాయి. ఆగడం కూడా పాఠంలో భాగమేనని అప్పుడు తెలిసింది.

పైనుంచి కనబడేవి వీపులే కాబట్టి వీపులు చదవడం నేర్చుకుంది. ఊపిరి వదిలిన భుజం ఎలా ఉంటుందో, వదిలినట్టు నటించిన భుజం ఎలా ఉంటుందో తెలిసిపోయేది. మూడో లైన్లో తెల్ల క్లిప్పు పెట్టుకునే ఒకావిడ ఉంది. అందరి భుజాలూ దిగాక ఆమె భుజాలు దిగుతాయి. ఎవరో ఏమిటో పేరు కూడా తెలియదు. "భుజాలు దించండి" అన్నాక టీచరు ఆ తెల్ల క్లిప్పు వంకే చూస్తూ ఆగేది. ఆమె దించిన తర్వాతే తర్వాతి మాట. ఒక్కోసారి పది క్షణాలు, ఒక్కోసారి ఇరవై. ఫ్యాన్ల చప్పుడు తప్ప హాల్లో ఏమీ వినబడేది కాదు.

అలసట మాత్రం తగ్గలేదు. పొద్దున బస్సు, మెట్లు, పదకొండు, మధ్యాహ్నం దాకా ఎదురుచూపు, మూడు, మెట్లు, బస్సు, ఇల్లు, పొయ్యి. రోజంతా ఊళ్లోవాళ్ల భుజాలు దించి ఇంటికొచ్చే మనిషి భుజాల సంగతి ఎవరికీ పట్టదు, ఆవిడకు కూడా. కానీ ఆ అలసటలో ఒక తేడా ఉంది. పాత అలసట చేతకానితనం లాంటిది. ఇది పనిచేసి వచ్చిన అలసట. అది ఒంటికి తెలుస్తుంది.

నెల ముగిసే రోజు ఆఫీసు అమ్మాయి అద్దాల గదిలోకి వచ్చింది. ఉద్యోగుల సెలవులూ సమస్యలూ చూసే అమ్మాయి, నవ్వు మొహం, మెత్తగా మాట్లాడుతుంది.

"మేడమ్, ఈ నెల మెడనొప్పి సెలవులు సగానికి సగం తగ్గాయి! ఎండీగారు నిన్న కింద నిలబడి మీ సెషన్ మొత్తం విన్నారు. ఎంత క్లియర్‌గా ఉందో, మనిషిని చూడక్కర్లేదు, వింటే చాలు అన్నారు. రేపు ఒకసారి మీ వాయిస్ రికార్డు చేద్దాం. మిగతా రెండు యూనిట్లకి కూడా పంపిస్తారట."

టీచరుకు కాళ్లు నేల మీద నిలవలేదు, మోకాలితో సహా. మనిషిని చూడక్కర్లేదు, వింటే చాలు! ఇరవై రెండేళ్లలో ఎవరూ అనని మాట. మెట్లు దిగి అక్కకు చెప్పింది. అక్క ఒకావిడ చేత జేబు కుట్టిస్తోంది. చెయ్యి ఊపింది గానీ మాట్లాడే తీరిక లేదు. సాయంత్రం అన్నం పెడుతూ ఆయనకు పూసగుచ్చినట్టు చెప్పింది. మూడు యూనిట్లు, ఎండీగారు, అన్నీ. ఆయన తినడం ఆపాడు.

"బాగుంది," అన్నాడు. లేచి పళ్లెం తీసుకెళ్లి కడిగాడు. ముప్పై ఏళ్లలో ఆయన తన పళ్లెం తను కడగడం రెండోసారి. మొదటిసారి ఆవిడ వాళ్లమ్మ పోయిన రోజు.

నీళ్ల చప్పుడు వింటూ ఆవిడ అలాగే కూర్చుంది. తర్వాత నెమ్మదిగా అడిగింది.

"ఏమండీ, రికార్డు చేసుకున్నాక నేనేం చెయ్యాలట?"

"నువ్వు అడగలేదా?"

"లేదు."

"వాళ్లు చెప్పలేదా?"

"లేదు."

ఆయన కుళాయి కట్టేశాడు. 

మర్నాడు ఆ మాట ఆఫీసు అమ్మాయినే అడిగింది. ఆ అమ్మాయి నీళ్లు నమిలింది. "అంటే మేడమ్... బ్రేక్ మాత్రం పర్మనెంట్ చేసేశారు. అది మీ వల్లే. నిజంగా. ఇంక మీరు ఈ మెట్లెక్కే బాధ కూడా ఉండదు కదా, కొంచెం రెస్టు..."

అమ్మాయి చెడ్డది కాదు. అందుకే తిట్టడానికి కూడా కుదరలేదు.

రికార్డింగు మీటింగ్ గదిలో. పొడుగు బల్ల, చుట్టూ పద్నాలుగు ఖాళీ కుర్చీలు, ఎదురుగా స్టాండుకు బిగించిన ఫోను. చప్పుడని ఏసీ ఆపేశారు. టీచరు వచ్చేటప్పుడే మనసులో ఒకటి అనుకుని వచ్చింది. చెడగొట్టేద్దాం. ఇలా, ఇలా, ఇప్పుడు మనం ఏం చేస్తామంటే, విశ్వం, అన్నీ కలిపి చెప్పేద్దాం. వింటారు, పనికిరాదంటారు, మళ్లీ మనిషే కావాలంటారు. అనుకున్నంత సేపూ కడుపులో చల్లగా ఉంది.

ఎర్ర దీపం వెలిగింది. నోరు తెరిచింది. "ఇప్పుడు మనం..." అంది. ఆగిపోయింది. ఆఫీసు అమ్మాయి ఫోను మళ్లీ నొక్కింది. ఈసారి "అందరూ ఇలా..." దాకా వచ్చి ఆపేసింది. మాటలు రాక కాదు. నెల రోజులు పళ్లబిగువున కొట్టేసిన మాటల్ని మళ్లీ నోట్లో పెట్టుకోవాలంటే డోకొచ్చినట్టయింది. ఆ చెత్తంతా వింటూ మూడో లైన్లో ఆ తెల్ల క్లిప్పు ఆవిడ ఏం చెయ్యాలో తెలియక ఫ్యాను వైపు చూడడం కళ్లకు కట్టింది. ఛీ అనిపించింది. ఉద్యోగం పోతే పోయింది, అంత అన్యాయంగా చెప్పడం తన వల్ల కాదు.

మూడోసారి మొదటినుంచి చివరిదాకా చెప్పింది. "రెండు పాదాలూ నేల మీద పెట్టండి." ఆగింది. "భుజాలు చెవుల దాకా ఎత్తండి." ఆగింది. ఎదురుగా ఖాళీ కుర్చీలు. ఎవరి కోసం ఆగాలో తెలియక కళ్లు మూసుకుని తెల్ల క్లిప్పును తలుచుకుంది. "దించండి." ఆమె దించేదాకా ఆగింది. అంత బాగా ఎప్పుడూ చెప్పలేదు.

"సూపర్ మేడమ్!" అంది అమ్మాయి. "మధ్యలో గ్యాపులు కొంచెం ఎక్కువయ్యాయి. పర్లేదు, ఎడిటింగ్‌లో తీసేస్తారు."

"తియ్యొద్దమ్మా. వాళ్లు చేసేది ఆ గ్యాపుల్లోనే."

"పన్నెండు నిమిషాల్ని ఎనిమిదికి తెస్తే ఎండీగారు ఇంకా సంతోషిస్తారు మేడమ్. చెప్పేవన్నీ ఉంటాయి కదా, ఒక్కటీ తియ్యం."

టీచరుకు ఇంక వాదించే ఓపిక లేదు. మెట్ల కిందికి వెళ్లి అక్కకు చెబితే, అక్క కళ్లజోడు తీసి మెడలోని దారానికి వదిలేసింది.

"బాగా చెప్పడం నేర్పి నీ కడుపు కొట్టానే చెల్లీ," అంది. అన్నాళ్లూ మేడమ్ అన్న మనిషి.

"నువ్వు నేర్పకపోతే ఈ నెల కూడా ఉండేదాన్ని కాదక్కా."

"ఆ మాటకేం లే," అని అక్క ముక్కు చీదింది. పక్కన కుట్టడం నేర్చుకుంటున్న ఆవిడ మిషన్ ఆపి ఇద్దరి వైపూ చూసింది. "నువ్వు సూది చూడు," అని అక్క కసిరింది.

పది రోజుల తర్వాత గేటు పాసు తిరిగిచ్చి ఒక కాగితం మీద సంతకం పెట్టి వెళ్లమని ఫోనొచ్చింది. టీచరు వెళ్లేసరికి సరిగ్గా పదకొండు. గేటు దగ్గర కొత్త వాచ్‌మన్, ఆవిడ వయసువాడే, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

"ఆఫీసులో కూడా బ్రేకమ్మా. ఎనిమిది నిమిషాలు ఆగాలి. అలా బల్ల మీద కూర్చోండి."

కూర్చుంది. గేటు గోడ మీది స్పీకరు గరగరమని, ఆవిడ గొంతు మొదలైంది. "రెండు పాదాలూ నేల మీద పెట్టండి భుజాలు చెవుల దాకా ఎత్తండి దించండి తలను సూది వైపు వంచండి." ఒకదాని వెనక ఒకటి, తరుముకొస్తున్నట్టు. మాటలన్నీ ఆవిడవే. ఒక్కటీ తియ్యలేదు. వాచ్‌మన్ భుజాలు సగం ఎత్తి, దించాలో ఎత్తాలో తెలియక అక్కడే ఆపాడు.

"నేనూ చేస్తుంటానమ్మా," అన్నాడు కొంచెం సిగ్గుపడుతూ. "పన్నెండు గంటల డ్యూటీ. భుజాలు కొయ్యబారిపోతాయి."

"బాగుంటుందా?"

"మాట సూటిగా ఉంటుంది. ఆ సూదేంటో నాకర్థం కాదు గానీ, మిగతాదంతా తెలుస్తుంది. కానీ ఎవరో గానీ మరీ తొందర మనిషమ్మా. ఎత్తేలోపు దించమంటుంది. అవతల ఒక మనిషున్నాడన్న ధ్యాసే లేదు ఆవిడకి."

 ఇరవై రెండేళ్లు, ఒక మోకాలు, కొట్టేసిన కాగితాలన్నీ, తెల్ల క్లిప్పు కోసం ఆగిన క్షణాలన్నీ పోగై చివరికి ఈ మాటకా వచ్చింది? నేనలాంటిదాన్ని కాదు అని అరవాలనిపించింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. మొదటినుంచి చెప్పుకురావాలంటే ఆ ఎనిమిది నిమిషాలు చాలవు, అంత శక్తీ లేదు. స్పీకరు అప్పటికే నడుం దాకా వెళ్లిపోయింది. వాచ్‌మన్ భుజాలు మాత్రం ఇంకా చెవులకు సగం దూరంలోనే బిగుసుకుని ఉన్నాయి. చూస్తూ ఉండలేకపోయింది.

బల్ల మీదినుంచి లేచి, మోకాలు కూడదీసుకుని, ఆయన కుర్చీ వెనక్కి వెళ్లి నిలబడింది.

"అది వదిలేయండి. భుజాలు చెవుల దాకా ఎత్తండి."

ఎత్తాడు. ఆవిడ ఆగింది. స్పీకరు మోకాళ్ల గురించి చెప్పింది, మడమల గురించి చెప్పింది, కళ్లు మూసుకోమంది, తెరవమంది, ముగించేసింది. లోపల మిషన్లు ఒక్కసారిగా గుర్రుమన్నాయి. ఆవిడ ఇంకా ఆగే ఉంది.

"ఇప్పుడు దించండి," అంది.

భుజాలు దిగాయి. సగం దాకా దిగి ఆగిపోయాయి. ఆయన మెల్లగా తల తిప్పి స్పీకరు వైపు ఒకసారి, ఆవిడ వైపు ఒకసారి చూసి నోరు తెరిచాడు.

"ముందు పూర్తిగా దించండి," అంది టీచరు. "తర్వాత అడుగుదురు గాని."